నలభై మూడులో నీళ్లు రావడం లేదు

ఓదిలాన్ షెదాల్ సొంత బావ కాకపోయి ఉంటే, ఫిర్మాన్ రూలియే వాణ్ని ఎప్పుడో కోర్టుకీడ్చి ఉండేవాడు. కొండవాలున నాన్న గడ్డి కోసుకున్న నేల రెండు ముక్కలు. మంచాన పడ్డ ముసలాయన చేత ఆ రెండూ తన పేరనే రాయించుకున్నాడు ఓదిలాన్. "పైముక్క నీదేరా, ముందు అంత్యక్రియలు కానీ, మార్పించేద్దాం" అన్నాడు. అంత్యక్రియలై పదహారేళ్లయింది. కిందిముక్క మీద ‘లె మెలెజ్’ అనే పేరుతో అయిదంతస్తుల అద్దె అపార్ట్‌మెంట్లు లేచాయి. పైముక్క సంగతి ఎత్తినప్పుడల్లా బావ, కాఫీ తాగుతావా అని అడుగుతాడు.

ఈ గురువారం పొద్దున ఫిర్మాన్ ఆ మెలెజ్ ముందే కారు ఆపుకోవలసి వచ్చింది. పదిహేనో ఏట బడి మానేసి, పాతికేళ్లు స్కీ లిఫ్టుల చక్రాలకు గ్రీజు పూసి, నడుం పోయాక బీమా కంపెనీల తరఫున విచారణలు చేసుకుని బతుకుతున్నాడు. విరగని కాళ్లకు పరిహారం అడిగేవాళ్లు, అమ్ముకున్న స్కీలు పోయాయని ఏడ్చేవాళ్లు, వీళ్లే అతని గిరాకీ. ఈసారి మాత్రం నిజంగా మనిషి పోయాడు.

పోయినవాడు రెజిస్ లాంబ్లాఁ, లిల్ నగరం వాడు. భార్యతో వారం రోజులకు నాలుగో అంతస్తులో నలభై మూడో నంబరు అద్దెకు తీసుకున్నాడు. పొద్దున మంచు తోసే బండివాడికి బాల్కనీ కింద కనబడ్డాడు, గడ్డకట్టుకుపోయి. ఊరి పోలీసు దళానికి పెద్ద, అడ్జుదాన్ హోదాలో ఉన్న కెర్వెల్లా గంటలో తేల్చేశాడు, పెళ్లామే తోసిందని. మధ్యాహ్నం పన్నెండుకు ఆవిణ్ని కింద పట్నంలో ప్రాసిక్యూటరు దగ్గరికి దింపేస్తాడట. భర్తను చంపిన మనిషికి బీమా డబ్బు ఇవ్వనక్కర్లేదు కాబట్టి, ఆ మాట రూఢి చేసి రమ్మని కంపెనీ ఫిర్మాన్‌ని పంపింది.

ఆవిడ, సొలేన్ లాంబ్లాఁ, స్కీలు దాచుకునే సెల్లారులో ఒక బెంచీ మీద కూర్చుని ఉంది. చుట్టూ తడి బూట్లు, తడి మేజోళ్ల కంపు. తలుపు దగ్గర ఒక కానిస్టేబులు, చేతులు కడుక్కుందామంటే నలభై మూడులో కుళాయి రాలేదని సణుగుతున్నాడు.

"మీరెవరు? ఇంకో పోలీసా?"

"కాదు మదామ్. బీమా వాళ్ల మనిషిని."

"ఓహో. ఆయనింకా పూర్తిగా చల్లబడనేలేదు, అప్పుడే లెక్కలకు వచ్చారన్నమాట."

"చల్లబడ్డాడు మదామ్. ఎలా అన్నదే నా సందేహం. రాత్రి ఏం జరిగిందో చెప్పండి."

"ఏం జరుగుతుంది? ఫాండ్యూ చేశాను. సెలవులండీ ఇవి! మూడు పూటలా నేనే వండాలి. ఇంట్లో చేసే వంటే, ఇక్కడ చేస్తే సెలవులంటారు. పొయ్యి చిన్నది, కత్తి తెగదు, గరిటె ఒక్కటే. చీజులో వైను పోసి కరిగించి ఆయన ముందు పెడితే, వైను ఎక్కువైందన్నాడు. నేను ఇన్ని మాటలన్నాను, ఆయన అన్ని అన్నాడు. దుప్పటి తీసుకుని కిందకి పోయి కారులో పడుకున్నాను."

"కింది వాటా వాళ్లు మీ గొంతు విన్నారట. ‘నువ్వు ఉంటే ఎంత, పోతే ఎంత’ అని."

"అన్నాను. ఇరవై రెండేళ్లలో ఒక వంద సార్లు అనుంటాను. ఇన్నాళ్లూ పోలేదు."

"వెళ్లేముందు గిన్నెలు కడిగారా?"

"గిన్నెలా?" ఆవిడ అతని మొహంలోకి పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "కడగలేదు. ఫాండ్యూ గిన్నె అడుగంటితే సింకులో పెట్టి నిండా నీళ్లు పోశాను, నానుతుందని."

"అంటే కుళాయి పని చేస్తోంది."

"ధారగా వచ్చాయి. చేతులు కొంకర్లు పోయాయి కూడా."

"తరవాత మీవారు కడిగి ఉంటారా?"

మొగుడు పోయిన ఆడదానికి నవ్వొచ్చింది. "రెజిసా! తను తాగిన గ్లాసు తీసిన పాపాన పోలేదు మోస్యూ ఆయన."

ఫిర్మాన్ లేవబోతూ ఆగాడు. "శనివారం తాళం ఇచ్చేటప్పుడు ఎవరు వచ్చారు, వాటా అప్పగించడానికి?"

"ఇక్కడ చూసుకునే ఆవిడే. క్లారిస్. మర్యాదస్తురాలే పాపం. చెంచాలు, ఫోర్కులు, ఫాండ్యూ పుల్లలు, అన్నీ నా ఎదటే లెక్కపెట్టింది. బాల్కనీ రెయిలింగు ఊగుతోందేమిటని మా ఆయన అడిగితే, ‘ఆనుకోకండి మోస్యూ’ అంది."

క్లారిస్ అంటే ఫిర్మాన్ అక్క, ఓదిలాన్ భార్య. అమ్మ పోయాక అతని ముక్కు తుడిచి పెంచిన అక్క. ఆ మాట అతను సొలేన్‌తో చెప్పలేదు.

*

అడ్జుదాన్ కెర్వెల్లా బాల్కనీ కింద తాడు కట్టిన చోట నిలబడి ఉన్నాడు. ముప్ఫై అయిదేళ్లుంటాయి. సముద్రం ఒడ్డున పుట్టి, బదిలీ మీద ఈ కొండెక్కాడు.

"రండి రూలియే గారూ. మీ బావ ఇంటి ముందు ఏ చెత్త పడినా మీరు వాసన పట్టుకుని వస్తారని నాకు తెలుసు."

"నన్ను కంపెనీ పంపింది."

"కంపెనీకి ఈ కొండ మీద ఇంకో మనిషి దొరకలేదా?"

"చదువుకున్నవాళ్లంతా పోలీసుల్లో చేరిపోయారండి."

శవాన్ని అప్పటికే తీసుకుపోయారు. మంచులో మనిషి ఆకారంలో ఒక గుంట మిగిలింది. బండివాడు ఎగదోసిన మెత్తని మంచు గుట్ట అది. ఫిర్మాన్ మోకాళ్ల మీద వంగి, తల ఉన్న చోట వేలితో తడిమాడు. చుట్టూ పొడి మంచే. మొహం ఆనిన చోట మాత్రం గాజు పలకలా నున్నటి ఐసు, గుండ్రంగా, చిన్న సాసరంత.

"ఇది చూశారా?"

"ఐసు. ఈ ఊళ్లో అది తప్ప ఇంకేముంది?"

"మీ ఊళ్లో ఐసు చేపల మీద వేస్తారు, అందుకని మీకు పట్టలేదు. మంచు కరిగితేనే ఇలాంటి ఐసు కడుతుంది. ఊపిరికి కరిగింది ఇది. హిమపాతాల కింద నుంచి తవ్వి తీసినవాళ్ల మొహాల దగ్గర చాలా చూశాను. పడగానే పోలేదు ఈయన. ఎంతలేదన్నా అరగంట ఊపిరి తీశాడు."

కెర్వెల్లా కూడా వంగి చూశాడు. వెక్కిరింపు తగ్గింది. "కాలు విరిగింది, మెడ విరగలేదు అన్నాడు డాక్టరు. సరే. అప్పుడు పెళ్లాం నేరం ఇంకా పెద్దదవుతుంది. తోసి, చూస్తూ వదిలేసింది."

"పైకి పోదాం పదండి."

*

నలభై మూడులోకి అడుగు పెడితే వంటగది, రెండడుగులు వేస్తే పడకగది. నడవలో రెండంతస్తుల మంచం. ఇంటి దగ్గర నుంచి కారులో మోసుకొచ్చిన పాస్తా పొట్లాలు, కాఫీ పొడి, ఆఖరికి టాయిలెట్ కాగితం కూడా గోడవారన పేర్చి ఉన్నాయి. బాల్కనీ తలుపు రాత్రంతా తెరిచే ఉందట. గోడలు చలి కక్కుతున్నాయి.

బాల్కనీ రెయిలింగు నాలుగు పలకలు. మూడింటి బోల్టులకు తుప్పు. మధ్యలో ఉన్న ఒక పలకకు మాత్రం బోల్టులు నాలుగూ తళతళలాడుతున్నాయి. మిగతా పలకల కాళ్ల చుట్టూ వారాల నాటి ఐసు పట్టుకుని ఉంటే, దీని కాళ్ల దగ్గర ఎవరో చెక్కేశారు. రంగు పెచ్చులు నేల మీదే ఉన్నాయి.

"ఇదేమిటి అడ్జుదాన్ గారూ?"

"అడిగేశాను. నిన్న మధ్యాహ్నం వాళ్లు స్కీయింగుకు పోయినప్పుడు మీ బావే వచ్చి బిగించాడట. శనివారం వాళ్లు ఫిర్యాదు చేశారు, బుధవారం బాగు చేశాడు. నేరమా అది?"

"మా బావ ఫిర్యాదు విని బాగుచేసిన మొట్టమొదటి వస్తువు ఇదే అయుంటుంది. ఊడిన పలకతో పాటు మనిషి పడ్డాడు. రాత్రికి రాత్రి పలకను మళ్లీ ఎక్కించారు."

"రుజువు?"

"వెతుకుతున్నా."

"రూలియే గారూ, ఒక మాట చెప్పనా? మీకూ మీ బావకూ ఉన్న గొడవ ఈ ఊళ్లో కుక్కలకు కూడా తెలుసు. రేపు జడ్జి ముందు మీ మాట చెల్లుతుందా? చేపల్ని మీరు చిన్నచూపు చూశారు గాని, అవి పగలు పెట్టుకోవు."

బావ అడ్డంగా దొరికాడన్న సంబరంలో ఫిర్మాన్ చెవులు వేడెక్కి ఉన్నాయి, ఆ సంగతి తనకే తెలుస్తోంది. వంటగదిలోకి నడిచి కుళాయి తిప్పాడు. ఏమీ రాలేదు.

"గడ్డకట్టాయి," అన్నాడు కెర్వెల్లా వెనకాల నుంచి. "మేం వచ్చేసరికే రావడం లేదు. తలుపు తెరిచి ఉంటే కట్టవా మరి?"

ఫిర్మాన్ కుళాయి వంక చూశాడు. తను తిప్పకముందే అది తెరిచి ఉంది. స్నానాల గదిలోకి పోయాడు. అక్కడా తెరిచే ఉంది. టాయిలెట్ వెనక చెక్క తలుపు తీసి లోపల చెయ్యి పెట్టాడు. మెయిన్ వాల్వు బిగించి కట్టేసి ఉంది. కింద గొట్టాలు ఖాళీ చేసే చిన్న కుళాయి విప్పి ఉంది.

"గడ్డకట్టలేదండి. ఎవరో నీళ్లు దింపేశారు. చలి ఇంట్లోకి రాబోతుంటే కొండవాళ్లు చేసే మొదటి పని ఇది. గొట్టాల్లో నీళ్లుంటే పగులుతాయి, పగిలితే కింద మూడంతస్తులూ మునుగుతాయి. రాత్రి వాళ్లు గొడవపడ్డప్పుడు ఇందులో నీళ్లొచ్చాయి. లిల్ నుంచి వచ్చిన మనిషి మొగుణ్ని తోసేసి, చీకట్లో ఈ వాల్వు వెతుక్కుని, గొట్టాలు ఖాళీ చేసి పోయిందంటారా? ఈ తలుపు ఉందనే ఆవిడకు తెలియదు."

"నీళ్లొచ్చాయని ఆవిడ అంటోంది. అనక ఏం చేస్తుంది? రాత్రి ఫాండ్యూ తిన్నారు అంటున్నారు కదా. ఆ గిన్నె ఏదీ?"

ఆ ప్రశ్న మంచి ప్రశ్నే. కెర్వెల్లా మందబుద్ధి కాదు, అదే ఫిర్మాన్‌కి కష్టం. గిన్నె సింకు పక్కన గట్టు మీద ఉంది. అడుగున మాడిన చీజు అలాగే అంటుకుని ఉంది, నీళ్లు మాత్రం చుక్క లేవు.

"నానబెట్టిందట. నానింది చూడండి, అంచు ఉబ్బి మెత్తబడింది. కడగాలనుకున్న మనిషి నీళ్లు వంచితే కడుగుతాడు. ఇది నీళ్లు మాత్రమే వంచేసిన పని. గడ్డకడితే మట్టిగిన్నె పగులుతుందని."

అడ్జుదాన్ ఆ చీజు అంచు వేలితో నొక్కి, ఆ వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

అప్పుడు చూశాడు ఫిర్మాన్ సింకులోకి. తూము మీద ఒక కాఫీ బొచ్చె బోర్లించి ఉంది. తోమి పెట్టిందనుకుని పోలీసులు పట్టించుకోలేదు. దాన్ని ఎత్తాడు. తూము నోట్లో తెల్లగా రాళ్ల ఉప్పు. స్నానాల గదిలో నీళ్లు పోయే కన్నం మీద పళ్లు తోముకునే గ్లాసు బోర్లించి ఉంది. దాని కిందా అంతే.

సంబరం అక్కడితో చచ్చిపోయింది.

వాల్వు ఈ కొండ మీద ఎవరైనా కడతారు. వంపు గొట్టంలో మిగిలిన నీళ్లు గడ్డకట్టకుండా గుప్పెడు ఉప్పు వేసి, పైన బొచ్చె బోర్లించడం మాత్రం నాన్న పద్ధతి. వేసవిలో పశువుల్ని ఉంచే కొండ మీది కొట్టాన్ని చలికాలం ముందు మూసేటప్పుడు పిల్లలిద్దరి చేతా చేయించేవాడు. ఉప్పు తమ్ముడు వెయ్యాలి, బొచ్చె అక్క బోర్లించాలి. ఓదిలాన్ పట్నం పిల్లాడు. బ్యాంకు గుమాస్తాగా ఈ కొండెక్కాడు. వాడికి వాల్వు ఎటు తిప్పితే కడుతుందో కూడా తెలియదు.

"ఏమిటది?" అన్నాడు కెర్వెల్లా.

"బొచ్చె." మళ్లీ ఎలా ఉన్నదాన్ని అలా పెట్టాడు. "అడ్జుదాన్ గారూ, ఒక సాయం చెయ్యండి. పన్నెండు దాకా ఇక్కడే, ఆ నడవ మంచం మీద చప్పుడు చెయ్యకుండా కూర్చోండి. కింద మీ మనుషుల్ని కాస్త పక్కకు పొమ్మనండి. నీళ్లు దింపినవాళ్లు ఎవరైనా, అది నేను చూశాననీ మీరింకా చూడలేదనీ తెలిస్తే, తిరిగి తిప్పడానికి వస్తారు."

"రాకపోతే?"

"మీ వ్యాను మీకు ఉంది కదా."

కెర్వెల్లా గడియారం చూసుకున్నాడు. "పన్నెండు దాటాక ఒక్క నిమిషం ఆగను."

*

అన్నిటికన్నా కింది అంతస్తులో అక్క వాటా. శనివారం దిగే కొత్తవాళ్ల కోసం క్లారిస్ దుప్పట్లు మడత పెడుతోంది. ఓదిలాన్ బల్ల దగ్గర రొట్టె ముక్క నముల్తున్నాడు.

"రారా బావమరిదీ. కాఫీ తాగుతావా?"

"వద్దు బావా. నలభై మూడులో నీళ్లు రావడం లేదు."

"గడ్డకట్టి ఉంటాయి. పోలీసులు కూడా అదే అన్నారు."

"గడ్డకట్టలేదు. వాల్వు కట్టేసి ఉంది. పోలీసులు ఇంకా చూడలేదనుకో. చూస్తే, రాత్రి ఈ ఇల్లు తెలిసినవాళ్లెవరో పైకి వెళ్లారని అర్థమైపోతుంది."

ఓదిలాన్ నమలడం ఆపాడు. పెళ్లాం వంక చూశాడు. ఆ చూపులో ఉన్నది భయం కాదు, ప్రశ్న. వాడికి నిజంగానే తెలియదు. క్లారిస్ చేతిలో దుప్పటి మడత తప్పింది.

"బాయిలరు చూసి వస్తా," అని ఓదిలాన్ పానాల సంచీ తీసుకుని బయటికి పోయాడు.

తలుపు పడింది. తమ్ముడూ అక్కా మిగిలారు.

"ఉప్పు వేశావు," అన్నాడు ఫిర్మాన్.

ఆవిడ బుకాయించలేదు. దుప్పటి మళ్లీ మొదటి నుంచి మడవడం మొదలుపెట్టింది. "చెయ్యి ఊరుకోలేదురా. రెయిలింగు పడ్డ చప్పుడుకు ఇద్దరం బయటికి పరిగెత్తాం. ఆయన పడి ఉన్నాడు. కదల్లేదు. మీ బావ అన్నాడు, అయిపోయింది, పలక ఊడి పడ్డాడని తెలిస్తే మనం జైల్లోనే అని. పలక పైకి మోసుకుపోయి బిగించాం. తాగి పడ్డాడనుకోవాలని తలుపు తెరిచే వదలమన్నాడు. బిగిస్తున్నంతసేపూ చలి ఇంట్లోకి కొడుతోంది. గొట్టాలు పోతాయి కదరా. కింద పసిపిల్లలున్న వాటా ఉంది. తను చూడకుండా వెళ్లి దింపేశాను."

"ఆయన పెళ్లాం మీద పడుతుందని తెలియదా?"

"ఆవిడ కింద కారులో ఉందని మాకెలా తెలుస్తుంది? మా తాళంతో లోపలికి పోయేసరికి ఖాళీ, ఎటో వెళ్లిపోయిందనుకున్నాం. పొద్దున రొట్టెలు పట్టుకుని వచ్చి తలుపు తియ్యమని నన్నే అడిగింది. తియ్యడానికి చేతులు రాలేదురా."

"చచ్చాడని చూశారా, అనుకున్నారా?"

క్లారిస్ దుప్పటి కొసలు మళ్లీ కలిపింది.

"అక్కా. కింద మంచులో ఐసు కట్టింది, మొహం దగ్గర. ఆయన ఊపిరి తీశాడు. మీరు పైన పని చేస్తున్నంతసేపూ తీస్తూనే ఉన్నాడు."

ఆవిడ కుర్చీలో కూర్చుంది. దుప్పటి ఒళ్లో పెట్టుకుంది. "సింకు దగ్గర ఉన్నప్పుడు దగ్గు వినబడింది. ఒక్కసారే. మీ బావను పిలిచి చెప్పాను. కప్పు మీంచి మంచు జారిన చప్పుడన్నాడు."

"నీకేమనిపించింది?"

"దగ్గనే అనిపించింది."

అని, కళ్లు తుడుచుకోకుండానే లేచి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "ఫిర్మాన్, విను. బోల్టుల సంగతి చెప్పెయ్. రాత్రే బిగించామని మీ బావే ఒప్పుకుంటాడు, శిక్ష పడితే పడుతుంది. నీళ్ల సంగతి ఒక్కటి వదిలెయ్. ఉప్పు నేను కడిగేస్తాను. దగ్గు నువ్వు వినలేదు. పైముక్క రేపే నీ పేర మార్పిస్తా. మీ బావ చేత కాదు, నేను మార్పిస్తా. నాన్న నీకే ఇమ్మన్నాడు, నాకు తెలుసు. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను, ఇప్పుడు తెరుస్తాను."

పదహారేళ్లుగా అతను ఆ మాట కోసం ఎదురుచూశాడు. ఇంత చవగ్గా వస్తుందని అనుకోలేదు. ఒక దగ్గు విననట్టు ఊరుకుంటే చాలు. సెల్లారులో బెంచీ మీద ఒకతె కూర్చుని ఉంది. ఆవిడ ఎవరు తనకి? వెక్కిరించిన మనిషి.

"నోరెప్పుడు తెరవాలో నీకు ఎప్పుడూ తెలియదక్కా," అన్నాడు. "రాత్రి తెరవాల్సింది. డాక్టరుకి."

అంతలో గోడలో చప్పుడైంది. గొట్టంలో గాలి ఉమ్మినట్టు గుటకలు వేసి, కింద నుంచి పైకి నీళ్లు పరిగెత్తాయి. ఒకటో అంతస్తు, రెండో అంతస్తు, ఇంకా పైకి. ఖాళీ గొట్టాలు నిండే చప్పుడు. ఈ కొండ మీద పుట్టి పెరిగిన చెవులకు అది వేరే చెప్పనక్కర్లేదు.

క్లారిస్ పైకప్పు వంక చూసింది. "బాయిలరు అన్నాడే... నలభై మూడుకు పోయాడా?"

నీళ్ల చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. పైన ఎక్కడో ఒక గొంతు గట్టిగా పలికింది. ఓదిలాన్ గొంతు కాదు.

"పైన ఎవరున్నారురా?"

"అడ్జుదాన్ కూర్చున్నాడు."

ఆవిడ అతని చెయ్యి వదిలేసింది. చాలాసేపు తమ్ముడి మొహంలోకి చూసింది. చిన్నప్పుడు అబద్ధమాడితే చూసినట్టే. ఈసారి అబద్ధం లేదు.

"చేతనైతే ఉప్పు సంగతీ దగ్గు సంగతీ నువ్వే చెప్పు," అన్నాడు ఫిర్మాన్. "నేను చెబితే పగ అంటారు. నువ్వు చెప్పకపోతే మాత్రం నేను చెబుతాను. ఆ బొచ్చె ఇంకా అక్కడే ఉంది."

క్లారిస్ దుప్పటి మడత పూర్తి చేసి, దొంతర మీద పెట్టి, కోటు తొడుక్కుంది. మెట్ల మీద కెర్వెల్లా బూట్లు దిగి వస్తున్నాయి. వాటి వెనక, తడబడుతూ, బావ చెప్పులు. బయట వ్యాను ఇంజను ఆన్‌లో ఉంది. సెల్లారు తలుపు దగ్గర కానిస్టేబులు పక్కకు తప్పుకుంటే, సొలేన్ లాంబ్లాఁ వెలుతురులోకి వచ్చి కళ్లు చికిలించి నిలబడింది. వ్యాను ఎక్కవలసింది ఇప్పుడు ఆవిడ కాదు.

కిటికీలోంచి పైముక్క కనబడుతోంది, మంచు కప్పుకుని, ఎవరి అడుగూ పడకుండా. దాన్ని నాన్న ఒకసారి తాడుతో కొలిచాడు, ఒక కొస ఫిర్మాన్ పట్టుకున్నాడు. మూడు వేల నూట నలభై చదరపు మీటర్లు.